సంబంధమును చింతయు: ఒక యాంగ్లవిశేషణపు నాంపల్లి చరిత్రము

కొన్ని నెలల క్రిందట మా వీథిలోని యొక వృద్ధురాలికి తోడుగా నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కార్యాలయమునకు పోవలసి వచ్చినది. ఆమెకు రావలసిన వితంతు పింఛను కాగితములలో పేరు తప్పుగా పడి, మూడు మాసములుగా సొమ్ము నిలిచిపోయెను. మొదటి బల్లకడ నున్న గుమాస్తా కాగితమును తిప్పి చూచి, అమర్యాద యేమియు లేకుండనే, "ఇది మా సెక్షను కాదమ్మా, కన్సర్న్‌డ్ ఆఫీసరు దగ్గరికి పొండి" అని చెప్పెను. రెండవ యంతస్తులోని వారును ఆ మాటయే చెప్పిరి. మూడవ చోటను అదియే సమాధానము. మెట్లు దిగుచుండగా ఆమె నిలిచి, కొంగుతో మొగము తుడుచుకొని, "గా కన్సర్న్‌డ్ సారు యేడ కూసుంటడు బిడ్డా? ఆయన పేరేంది?" అని నన్నడిగెను.

ఆమె దానిని ఒక మనిషి పేరనుకొన్నది. ఇరువదియేండ్లుగా పాఠశాలలో ఆంగ్లము చెప్పుచున్న నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. నాటినుండి ఆ మాట నన్ను విడువలేదు. ఈ చిన్న విశేషణము వెనుక మన నగర చరిత్రలోని యొక పెద్ద ప్రశ్న దాగియున్నదని నాకు తోచినందున, ఆ సంగతి పాఠకులతో ముచ్చటింప దలచితిని.

మొదట వ్యాకరణమును చూతము. విద్యార్థులు ‘కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అని వ్రాసినప్పుడెల్ల ఎఱ్ఱసిరాతో గీత గీసి ‘ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అని దిద్దుట నా యలవాటు. ఆంగ్లమున నీ విశేషణము నామమునకు ముందు నిలిచినచో ‘చింతించుచున్న’ అనియు, వెనుక నిలిచినచో ‘సంబంధించిన’ అనియు సామాన్యముగా నర్థము. కన్సర్న్‌డ్ మదర్ అనగా బిడ్డకొఱకు దిగులుపడుచున్న తల్లి; మదర్ కన్సర్న్‌డ్ అనగా ఆ వ్యవహారముతో ప్రసక్తి గల తల్లి. వెంటవచ్చు చిన్నపదమును బట్టియు అర్థము మాఱును. ‘అబౌట్’ చేరినచో విచారము. ‘ఫర్’ చేరినచో ఒకరి క్షేమమును గూర్చిన ఆరాటము. ‘విత్’ చేరినచో కేవలము సంబంధము. కావున మన కార్యాలయములలోని కన్సర్న్‌డ్ ఆఫీసరు, ఆంగ్లేయుని చెవికి, మన కష్టమునకు మనసు కలతపడిన యధికారి యగును. ఆ విషయము తలచుకొనగా నాకు నవ్వు రాలేదు. ఆ యవ్వ మెట్లెక్కి దిగుచు వెదకినది నేను దిద్దిన యధికారిని గాదు; నా విద్యార్థులు తప్పుగా వ్రాసిన యధికారినే.

ఒకే మాట కీ రెండర్థము లెట్లు కలిగినవి? దీనికి మూలము లాటిను భాషలోని ‘కన్‌కెర్నెరె’ అను క్రియ. అందు ‘కెర్నెరె’ యనగా జల్లించుట, వేఱుచేసి చూచుట. ముందున్న ఉపసర్గకు ‘కూడ’ అని యర్థము. ఒక జల్లెడలో కలిపి పోసినవాటికి ఒకదానితో నొకటికి పొత్తు కలుగును. మన ‘వివేక’ శబ్దము కూడ పొల్లునుండి గింజను వేఱుచేయు ధాతువునుండియే పుట్టినదని సంస్కృతము చదివినవారెఱుగుదురు. మధ్యయుగపు లాటినులో ఈ క్రియ ‘తాకు, సంబంధించు’ అను నర్థమున వ్యాప్తిచెంది, ఫ్రెంచివారి ద్వారమున 15వ శతాబ్దిలో ఆంగ్లములో ప్రవేశించెను. 17వ శతాబ్ది నడుమకు ‘చింతాకులుడైన’ అను నర్థము చేరెను. ఆ శతాబ్ది ముగియులోపలనే మూడవ యర్థమును కలిగినది: ‘కన్సర్న్’ అనగా ఒక వర్తక సంస్థ.

ఈ క్రమమును గమనింపుడు. మొదట సంబంధము, దానినుండి చింత. దేనితో మనకు పొత్తు కలదో దానిని గూర్చియే మనకు కలత పుట్టును. తల్లికి బిడ్డను గూర్చి దిగులేల? బిడ్డ తనది గావున. ఆంగ్లభాష ఈ రెంటిని ఒకే మాటలో బంధించుట యాదృచ్ఛికము గాదు. లోకానుభవమే దానికి కారణము. మన కార్యాలయములు చేసినదేమనగా, ఆ రెంటిలో సంబంధమును మాత్రము పుచ్చుకొని చింతను గడప వెలుపల విడిచిపెట్టినవి.

అయితే మనవారు ఆ విశేషణమును నామమునకు ముందే పెట్టుట కేవలము తెలియమివలన గాదు. దానికొక చరిత్రము కలదు. నిజాం రాజ్యములో 1884 ప్రాంతము వఱకు పారసీకము రాజభాష. ఆ పిమ్మట ఉర్దూ. ఉర్దూ కచేరీలలో ‘సంబంధించిన’ అనుటకు ‘ముతఅల్లిఖా’ అను మాట వాడుక. అది ‘ముతఅల్లిఖా అఫ్సర్’ అని నామమునకు ముందే నిలుచును. తెలుగులోను ‘సంబంధించిన అధికారి’ అనియే గదా మన మందుము. 1948 పిమ్మట కచేరీలలో ఉర్దూ స్థానమున ఆంగ్లము ప్రబలినప్పుడు, మాట మాఱినను వాక్యపు కట్టు మాఱలేదు. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికారభాషా శాసనముతో తెలుగునకు పీట వేయగా ‘సంబంధిత అధికారి’ వచ్చి కూర్చుండెను. మూడు భాషలు మాఱినవి. ఆ యధికారి మాత్రము చిక్కలేదు.

‘ముతఅల్లిఖా’ అను మాటకు తెలుగువారి యిండ్లలో దగ్గఱి చుట్టమొకటి కలదు. అరబ్బీలో దాని ధాతువునకు ‘వ్రేలాడు, అంటుకొను’ అని యర్థము. ఆ ధాతువునుండియే ‘తఅల్లుఖ్’ అనగా పొత్తు, అనుబంధము. దానినుండియే మన ‘తాలూకా’, మన ‘తాలూకు’. "వారు మా తాలూకు మనుష్యులు" అని పల్లెలలో ఇప్పటికిని అందురు. నిజాం రాజ్యములో జిల్లాను పాలించు పెద్ద యధికారికి అవ్వల్ తాలూక్‌దారు అని బిరుదు. మాట మూలమును బట్టి చూచినచో ‘మొదటి సంబంధి’ అని చెప్పవచ్చును. బిరుదు గొప్పది. ప్రజలు తన తాలూకువారని తలచిన వానికే యది తగును.

ఇంతవఱకు మాట చరిత్రము. ఇక స్థలచరిత్రమునకు వత్తము. నాంపల్లి, ఆబిడ్సు అను నీ యిరుగుపొరుగు పేటలలో ఈ మాట యొక్క మూడర్థములును మూడు విధముల వెలసినవి.

వర్తక సంస్థ యను నర్థము ఆబిడ్సుది. ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖాను కొలువులో అంతరంగ సేవకుడుగ నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా సంతతివాడు ఇక్కడ నొక దుకాణము తెఱచెను. నగరమున రాజులపేర, మంత్రులపేర, కోటలపేర పేటలున్నవి. ఒక దుకాణదారుని పేర నిలిచి, నేటికిని నగరమంతయు పలుకు పేట యిది. దుకాణదారునకు సంబంధమును చింతయు వేఱుగావు. వచ్చిన కొనుగోలుదారుని "ఇది మా బల్ల కాదు" అని త్రిప్పిపంపినచో, సాయంకాలమునకు పెట్టె ఖాళీగా నుండును. ఇది వానియందలి దయ గాకపోవచ్చును, లాభాపేక్షయే కావచ్చును. అయినను ఆ యపేక్షయైనను లేనిచోట కాగితము కదలుటకు వేఱొక ప్రేరకము కావలయును.

చింత యను నర్థము నాంపల్లి స్టేషను రోడ్డుది. ఆ బాటలో గోల్డెన్ త్రెషోల్డు అను నొక యిల్లు కలదు. అది డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయుని గృహము. ఆయన కూతురు సరోజినీ నాయుడు 1905లో ప్రకటించిన కవితాసంపుటి పేర దానికా పేరు కలిగెను. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము నెలకొన్నపుడు తొలుత పనిచేసినదియు ఆ యింటనే. ఆ గృహమును కవయిత్రి యిల్లుగా అందఱెఱుగుదురు. ఆమె తండ్రికి 1883లో జరిగినదానిని ఎఱిగినవారు తక్కువ.

అఘోరనాథుడు వంగదేశీయుడు; ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రములో పట్టము పొంది, హైదరాబాదునకు వచ్చి, ఇచ్చట ఆంగ్లవిద్యకు పునాదులు వేసినవారిలో నొకడయ్యెను. తరువాత నిజాం కళాశాలగా పెరిగిన సంస్థకు ఆయనయే తొలి ప్రధానోపాధ్యాయుడు. 1883 ఫిబ్రవరిలో మంత్రి మొదటి సాలార్‌జంగు మరణించెను. నిజామునకు అప్పటికి పదునాఱేండ్లు. రాజ్యాధికారము చేతికి రాలేదు. ఆ సందులో, రాజ్యపు రైలుమార్గమును ఆంగ్లేయ కంపెనీ కప్పగించి, చాందా వఱకు—నేటి చంద్రపురము వఱకు—పొడిగించు పథకమొకటి నడుచుచుండెను. అందు ఖజానాపై పడు భారమెంత, షరతు లెట్టివి యను సంగతి జనులకు తెలియదు. ఆ వివరములు వెల్లడింపవలెనని, నిర్ణయమునకు ముందు విచారించుట కవకాశ మీయవలెనని కోరుటకు నగరమున నొక సంఘ మేర్పడినది. అఘోరనాథుడును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును అందు ముఖ్యులు.

వారు తిరుగుబాటు చేయలేదు, ఆయుధము పట్టలేదు. పత్రములు చూపుడని యడిగిరి. ఫలితమేమనగా, ఆ సంవత్సరము మే నెలలో అఘోరనాథుడు ఉద్యోగమునుండి తొలగింపబడి, నగరమునుండి వెడలగొట్టబడెను. సంవత్సరము ముగియులోపల రైలు ఒడంబడిక కుదిరిపోయెను. కొన్ని యేండ్లకు ఆయనను మరల పిలిచి పనిలో నియోగించిరి గాని, దండనము చెప్పదలచినది అప్పటికే చెప్పియుండెను: ఇది మీకు సంబంధించినది గాదు.

ఇదియే నేను ప్రారంభమున సూచించిన ప్రశ్న. సంబంధమును నిర్ణయించువా రెవరు? ప్రభుత్వము ‘సంబంధించినవారు’ అని యెవరిని పేర్కొనునో వారికే చింతించు హక్కు కలదా? లేక, చింతగలవారెల్లరును సంబంధము గలవారేనా? 1883లో దొరతనము మొదటి పక్షమును నిలుపుకొన్నది. ఒక రసాయనశాస్త్రపు పంతులునకు రైలుమార్గముతో నేమి పని యని వారు తలచిరి. ఆయనయో, ఏ రాజ్యమున బ్రదుకుచున్నానో ఆ రాజ్యపు ఖజానాతో నాకు పని కలదని తలచెను. ఒకరు ఈ విశేషణమును నామమునకు వెనుక పెట్టిరి. మఱియొకరు ముందు పెట్టిరి.

రెండు పక్షములును కలిసిన సందర్భ మొకటి కూడ ఈ నగరచరిత్రలో లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి, నాంపల్లికి దక్షిణముగా నదీతీరమందలి పేటల నూడ్చివేసెను. వేలకొలది జనులు మడిసిరి. అఫ్జల్‌గంజి ప్రాంతమున నొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణలో కలదు. ఆ విపత్తున ఎవరికెవరు సంబంధులని ఎవరు నడుగలేదు. సరోజినీదేవి వంటివారు సహాయకార్యములకు పూనుకొనిరి. ఆమె తండ్రిని పాతికేండ్ల క్రిందట వెడలగొట్టిన నగరమే యది. దొరతనమును ఆ దుఃఖమును దుఃఖముగానే విడువలేదు. 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యను పిలిపించి వరదకు కారణము విచారింపజేసిరి. ఆయన యాలోచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. చింత విచారణయై, విచారణ కట్టడమై నిలిచినదనుట కిది దృష్టాంతము.

‘విచారము’ అను మాట వచ్చినది గావున దానిని గూర్చియు ఒక మాట చెప్పెదను. సంస్కృతమున విచార మనగా పరిశీలనము. తెలుగున దానికి దుఃఖమనియు అర్థము గలిగినది. "ఏల విచారముగ నున్నావు" అని యడుగుదుము. ‘విచారణ’ యనినచో మాత్రము కార్యాలయపు పని. నాంపల్లి స్టేషనులో బండి వేళలు చెప్పు కిటికీపై నుండునది ఆ మాటయే. ‘చింత’ కథయు ఇట్టిదే. మూలమున ఆలోచన, వాడుకలో దిగులు. ఆంగ్లేయులు సంబంధమునుండి చింతకు నడచిరి. మనము ఆలోచననుండి చింతకు నడచితిమి. ఎటునుండి వచ్చినను చేరిన చోటు ఒక్కటే: ఒకదానిని నిజముగా చూచినవాడు దానికొఱకు కలతపడక యుండలేడు.

అచ్చతెలుగు మాట ఇంకను సూటియైనది. "ఆయనకు ఇల్లు పట్టదు" అందుము; "నాకేమి పట్టినది" అందుము; "పట్టించుకొన్నవాడు లేడు" అందుము. పట్టుట యనగా చేత బట్టుట. చేతబట్టినదానితో సంబంధము, పట్టినందున భారము, భారమైనందున చింత. ఈ మూడును ఒక్క క్రియలో నున్నవి. అందులకు ఎదురుమాట మన నాలుకపై నెల్లప్పుడు నుండు ‘పరవాలేదు’. ‘పరవా’ యనునది పారసీకము. చింత, లెక్క అని యర్థము. కష్టములోనున్నవాడు తనకు తాను చెప్పుకొన్నప్పు డది ధైర్యము. బల్ల కావలివైపు కూర్చున్నవాడు ఇతరుని కష్టమును గూర్చి తలచినప్పు డది నిర్లక్ష్యము.

ఇంగ్లండులో క్వేకరులను నొక మతసంఘ మున్నది. వారి వాడుకలో ‘కన్సర్న్’ అనగా వట్టి దిగులు గాదు. ఈ పని నీవు చేయవలసినదని అంతరాత్మ పెట్టు ప్రేరణ. బానిస వర్తకమునకు వ్యతిరేకముగా 18వ శతాబ్దిలో ముందుగ గొంతెత్తినవారిలో వారుండిరి. ఆ బానిసలు వారికి బంధువులు గారు, వారి సంస్థవారు గారు. అయినను తమకు సంబంధము కలదని వారు తలచిరి. మన సంస్కర్తలు చేసినదియు అదియేగదా! వితంతువు తన యింటి పిల్ల యైననే గాని నాకు పనిలేదని వీరేశలింగము పంతులుగారు తలచియుండినచో, 1881లో రాజమహేంద్రవరమున ఆ మొదటి వివాహము జరిగెడిది గాదు.

ఇపుడు మరల నాంపల్లికి వత్తము. 1883లో అఘోరనాథుడు అడిగిన పత్రములను అడుగుటకు నేడు వెడలగొట్టబడ నక్కఱలేదు. 2005లో సమాచారహక్కు శాసనము వచ్చినది. అందలి 6వ విభాగము రెండవ యుపవిభాగము ప్రకారము, సమాచారము కోరువాడు తన కది యెందులకో కారణము చెప్పనక్కఱలేదు. అనగా, "నీ కిందు సంబంధమేమి?" అను ప్రశ్నయే అధికారి నోటినుండి తొలగింపబడినది. పౌరుడగుటయే సంబంధము. మూడవ యుపవిభాగము మఱియు నొక మేలు చేసినది. దరఖాస్తు పొరపాటున వేఱొక కార్యాలయమునకు చేరినచో, దానిని ఐదు దినములలోపల తగినచోటికి పంపవలసినది ఆ కార్యాలయమువారే. అడిగినవాడు మెట్లెక్కి దిగనక్కఱలేదు. పైగా, సమాచారమిచ్చు అధికారి పేరును హోదాను ప్రకటింపవలెనని 4వ విభాగము శాసించుచున్నది. ఆ హక్కు నిరాకరింపబడినవారి యప్పీళ్లను వినుటకేర్పడిన కమిషను, 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు చెంత, ఆబిడ్సుకును నాంపల్లికిని నడుమ, సమాచారహక్కు భవనమున నెలకొనెను. అఘోరనాథుని యిల్లు అచ్చటికి దూరము గాదు. ఆయన ప్రశ్న యచ్చటికి చేరుటకు మాత్రము 122 సంవత్సరములు పట్టినది.

అయితే ఆ శాసనము సమాచారమునకు మాత్రమే. పింఛను కాగితమునకు అట్టి యేర్పాటు ప్రతికచేరిలోను లేదు. గుమాస్తాలనెల్ల నిందించుట నా యభిప్రాయము గాదు. బల్లపై గుట్టలుగ పడిన కాగితముల నడుమ కూర్చున్నవానికి ప్రతి కాగితము వెనుకను ఒక మొగమును చూచుట కష్టమే. కాని, "సంబంధిత అధికారి" అని వ్రాయుటకు బదులు ఆ యధికారి హోదాను, గది సంఖ్యను వ్రాయుట కష్టము గాదు. పేరులేని సంబంధము సంబంధమే గాదు. ఇంట చదువుకొన్నవారు అర్జీ వ్రాసిపెట్టునపుడును ఈ నియమము పాటింపవలయును. అర్జీ మొదట ‘సంబంధించినవారికి’ అని వ్రాసినచో, అది ఎవరికిని సంబంధింపకుండ మనమే వీలు కల్పించినవార మగుదుము.

నాటి కథ ముగించెదను. నాల్గవ గదిలో నొక స్త్రీ యధికారి, అవ్వను కూర్చుండుమని చెప్పి, కాగితమును చూచి, "ఇది కూడ నా పని కాదు, అయినా ఉండవ్వా, నేను కనుక్కొంటాను" అని లేచి పోయెను. అరగడియలో తిరిగివచ్చి దిద్దవలసినచోట దిద్దించితినని చెప్పెను. బయటికి వచ్చిన పిమ్మట అవ్వ, "గీమెనే కదా బిడ్డా కన్సర్న్‌డ్ సారు?" అనెను.

"అవునవ్వా" అని చెప్పితిని. నియమము ప్రకారము ఆమె యా పనికి సంబంధించిన యధికారి గాదు. మఱునాడు పాఠశాలలో ఒక విద్యార్థి వ్యాసమున ‘కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అని కనబడినది. దిద్దవలసినదే, దిద్దితిని. కాని ఎఱ్ఱగీత ప్రక్కన, నీవు వ్రాసినదానికి వేఱొక యర్థము కలదని, అట్టి యధికారివి నీవు కమ్మని వ్రాసితిని.